లిఫ్టు కుంగిన శనివారం

మా ఇంటికి వచ్చినవాళ్లందరూ గ్యారేజ్‌లో కారు లిఫ్టు ఎందుకు పెట్టించామని అడుగుతారు. సరదా కోసమని మా ఆయన చెబుతాడు. అది నిజం కాదు. నాకు మెకానిక్‌ల మీద నమ్మకం పోయింది, అందుకని పెట్టించాం.

నేను ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తాను. రక్తం శాంపిళ్లు పరీక్షించడం నా ఉద్యోగం. గొట్టం మీద ఒక పేరు, కాగితం మీద ఇంకో పేరు ఉంటే, తెచ్చిన నర్సు ఎంత మంచి మనిషైనా సరే, ఆ శాంపిల్ పక్కన పెట్టేస్తాం. మళ్లీ తీసుకురమ్మంటాం. పదహారేళ్లుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి ఇంట్లో కూడా ఆ బుద్ధి పోదు. పాల డబ్బా మీద తేదీ కొనేటప్పుడు ఒకసారి, ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు ఒకసారి చూస్తాను.

ఈ దేశం వచ్చి, టార్నీట్ అనే శివారులో ఇల్లు కట్టుకున్నాక, నా డ్యూటీల కోసం ఒక పాత కారు కొన్నాం. దగ్గర్లో ఉన్న షాపులో సర్వీసుకి ఇచ్చేదాన్ని. ఒంగోల్లో మా నాన్న స్కూటర్ రిపేరుకి ఇస్తే, మెకానిక్ పక్కనే నిలబడి, ఏ ముక్క తీశాడో ఏ ముక్క వేశాడో చూసి మరీ తెచ్చుకునేవాడు. ఇక్కడ అలా కుదరదు. ఇన్సూరెన్స్ ఒప్పుకోదని లోపలికి రానివ్వరు. పొద్దున తాళం ఇచ్చి వెళ్లిపోవాలి, సాయంత్రం వాళ్లు ఒక కాగితం చేతిలో పెడతారు. ఆ కాగితాన్ని నమ్మాలి.

వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి అరిగిపోయిందని చెప్పేవాళ్లు. ఒకసారి ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు మార్చాలన్నారు. అంతకు ముందు ఏడాదే మార్చారు. సరేనని, మర్నాడు కారు ఇచ్చే ముందు ఒక పని చేశాను. నా మెరూన్ రంగు నెయిల్ పాలిష్ తీసుకుని, చక్రం చువ్వల సందులోంచి వేళ్లు దూర్చి, ప్యాడ్ రేకు అంచున చిన్న చుక్క పెట్టాను. సాయంత్రం కారు తెచ్చుకుని మా ఇంటి ముందు ఆపి, ఫోన్ లైటు వేసి చూశాను. చుక్క అక్కడే ఉంది. కాగితం మీద మాత్రం కొత్త ప్యాడ్లు వేశామని ఉంది.

మర్నాడు వెళ్లి ఫొటో చూపించాను. కౌంటర్‌లో ఉన్నతను, "కాగితాలు తారుమారైనట్టున్నాయి. వేరే కారుది మీకిచ్చాం" అన్నాడు నవ్వుతూ. కాగితం మీద ఉన్నది నా కారు నంబరే. అది చూపిస్తే, దాన్ని ఒకసారి చూసి, ముందెలా నవ్వుతున్నాడో అలాగే నవ్వుతూ నా డబ్బు నాకు తిరిగిచ్చేశాడు. క్షమించమని మాత్రం అనలేదు.

"ఇంకో షాపుకి వెళ్దాంలే" అన్నాడు మా ఆయన. ఆయన బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. తన ప్రోగ్రాములో తప్ప ప్రపంచంలో ఎక్కడా తప్పు ఉండదని ఆయన నమ్మకం.

"ఇంకో షాపులో ఇంకో నవ్వు ఉంటుంది" అన్నాను.

ఆ మాటన్నాక కారు పని నేనే నేర్చుకోవాల్సి వచ్చింది. వారాంతాల్లో ఒక క్లాసులో చేరాను. పన్నెండు మందిలో నేనొక్కదాన్నే ఆడదాన్ని. నూనె మార్చడం, ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్గులు వరకూ ఇబ్బంది లేకుండా వచ్చేశాయి. కారు కిందకి వెళ్లే పనులే కష్టం. జాకీతో కారు లేపి, స్టాండ్ల మీద నిలబెట్టి, చల్లటి సిమెంటు మీద వెల్లకిలా పడుకుని చేసేదాన్ని. ఒక ఆదివారం పొద్దున అలాగే పడుకుని బిగుసుకుపోయిన ఒక నట్టుని బలమంతా పెట్టి లాగాను. నా మొహం పైన కారు అటూ ఇటూ ఊగింది. కొద్దిగానే ఊగింది. నేను పాక్కుంటూ బయటికి వచ్చేసరికి మా ఆయన కాఫీ కప్పుతో తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"చూశాను" అన్నాడు.

కప్పు పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం అన్నం దగ్గర మాత్రం, "రెండే దారులు. ఈ పని మానెయ్యి, లేదా సరైన లిఫ్టు పెట్టించుకో. స్టాండ్ల మీద కారు పెట్టి కిందకి దూరితే మాత్రం నేను ఊరుకోను" అన్నాడు. ఆయన అంత గట్టిగా మాట్లాడడం అరుదు. లిఫ్టుకే ఒప్పుకున్నాను.

షాపుల్లో ఉండే రెండు స్తంభాల లిఫ్టు మా గ్యారేజ్‌లో పట్టదు, కప్పు ఎత్తు చాలదు. నూనె ఒత్తిడితో కత్తెరలా విచ్చుకుంటూ నడుం ఎత్తు దాకా లేచే రకం ఒకటి ఉంది. కింద స్టూలు వేసుకుని పని చేసుకోవచ్చు. అది చాలనుకున్నాం. కొత్తది ఎందుకని పాతవాటి కోసం వెతికితే, జీలాంగ్ దాటాక ఒక చిన్న ఊళ్లో దొరికింది. అమ్మే ఆయన రిటైరైన మెకానిక్. 'మంచి కండిషన్‌లో ఉంది, ఇల్లు మారుతున్నాం కాబట్టి అమ్ముతున్నాను' అని ప్రకటనలో రాశాడు. అమ్మే ప్రతివాడూ రాసే మాటే అది.

ఒక శనివారం ఇద్దరం వెళ్లాం. డెబ్బై దాటిన మనిషి, పొడుగ్గా, కాస్త వంగి ఉన్నాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో పనిముట్లన్నీ గోడకి వరసగా తగిలించి ఉన్నాయి. ప్రతి పనిముట్టు వెనకా గోడ మీద దాని ఆకారం గీసి ఉంది. తన పాత కారుని లిఫ్టు మీద పెట్టి లేపి చూపించాడు. నేను ఫోన్‌లో మొత్తం వీడియో తీశాను. ఆయన ఆ ఫోన్ వంక రెండు మూడుసార్లు చూశాడు.

"టక్కుమని లాక్ పడిన శబ్దం వినాలి" అన్నాడు. "విన్నాక మళ్లీ కొంచెం దించి, బరువంతా ఆ ఇనప లాక్ మీద కూర్చోబెట్టాలి. ఆ తర్వాతే కిందకి వెళ్లాలి. నూనె మీద నిలబడిన కారు కిందకి ఎప్పుడూ వెళ్లకు."

ఆ మాటే మళ్లీ మళ్లీ చెప్పాడు. నాలుగోసారికి నాకు అనుమానం మొదలైంది. ఆయన ఎడమ చెయ్యి మీద కూడా అనుమానం వచ్చింది. మేమున్న గంటసేపూ అది ఆయన కోటు జేబులోంచి బయటికి రాలేదు. మీటలు నొక్కడం, చూపించడం అన్నీ కుడి చేత్తోనే.

"ఇంత బాగా పని చేస్తుంటే ఎందుకు అమ్ముతున్నారు?" అని అడిగాను.

"రాశాను కదా, ఇల్లు మారుతున్నాం."

ఆ ఇంట్లో మారుతున్న జాడ ఏమీ లేదు. అట్టపెట్టెలు లేవు. వెనక పెరట్లో కొత్తగా టమాటా నారు వేసి కర్రలు పాతి ఉన్నాయి. తిరిగి వస్తూ, "వెళ్లిపోయేవాళ్లు టమాటా నారు వేస్తారా?" అని మా ఆయన్ని అడిగాను.

"తర్వాత వచ్చేవాళ్లు తింటారులే" అన్నాడు.

అంత అనుమానం ఉన్నప్పుడు ఎందుకు కొన్నావని అడగొచ్చు. నా కళ్ల ముందు రెండుసార్లు లేచింది, రెండుసార్లు దిగింది. ఎక్కడా నూనె చుక్క కనబడలేదు. నాకు లోపం దొరకలేదు కాబట్టి కొన్నాను. అమ్మినాయన్ని నమ్మి కాదు.

లిఫ్టు ఇంటికి వచ్చే లోపల గ్యారేజ్ సిద్ధం చేశాను. ఆ బరువు మోయాల్సిన నేల మందం పది సెంటీమీటర్లని బిల్డర్ ఇచ్చిన ప్లానులో ఉంది. ప్లాను కూడా కాగితమే కదా. మూలన డ్రిల్లుతో సన్నటి కన్నం వేసి, తీగ దించి కొలిచాను. పది మీద కాస్త ఎక్కువే వచ్చింది. ఇంకో మూలన కూడా వేస్తానంటే, "ఇల్లు జల్లెడ చేస్తావా?" అని మా ఆయన డ్రిల్లు దాచేశాడు. మోటారు కోసం వేరే కరెంటు లైను వేయడానికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. అతను లోపల పని చేస్తుంటే నేను వంటింట్లో కూర్చుని అతని లైసెన్సు నంబరు సరైనదో కాదో చూసుకున్నాను. సరైనదే.

ట్రెయిలర్ మీద తెచ్చిన లిఫ్టుని స్నేహితులు నలుగురు సాయం పట్టి దింపి వెళ్లారు. తీసుకొచ్చేటప్పుడు మోటారు నుంచి లిఫ్టుకి వెళ్లే నూనె గొట్టం విప్పాల్సి వచ్చింది. దాన్ని నేనే మళ్లీ బిగించాను. లీకు రాకుండా మరలకి తెల్లటి టేపు మూడు చుట్లు చుట్టాను, ఇంట్లో కుళాయిలకి చుట్టే టేపే. నూనె పోశాను. కారు లేని లిఫ్టుని నాలుగుసార్లు లేపి దించాను. బాగానే ఉంది.

తర్వాతి శనివారం మొదటిసారి కారు పెట్టాను. లాక్ మీద కూర్చోబెడితే ఏ లిఫ్టైనా నిలబడుతుంది, అందులో తెలిసేదేముంది అనిపించింది. అమ్మినాయన మాకు చూపించినప్పుడు కూడా లాక్ వేసే చూపించాడు. అందుకని ఈసారి లాక్ వేయకుండా, నూనె మీదే కారుని నిలబెట్టాను. గోడకి కాగితం టేపు అంటించి, కారు అంచు ఎంత ఎత్తులో ఉందో పెన్సిల్‌తో గీత గీశాను. గ్యారేజ్ తలుపు మూసేసి, లోపలికి ఎవరూ వెళ్లకుండా తాళం వేసి భోజనానికి వెళ్లాను.

గంట తర్వాత వచ్చి చూస్తే కారు గీత కంటే రెండంగుళాలు కిందకి ఉంది.

మళ్లీ లేపాను. ఇంకో గంట ఆగాను. మళ్లీ రెండంగుళాలు. నేల మీద నూనె చుక్క లేదు. అంటే బయటికి కారడం లేదు, లోపల ఎక్కడో వదిలేస్తోంది. అప్పుడు నాకన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. మెషీన్ పాడైందని అమ్మినాయనకి తెలుసు. అందుకే లాక్, లాక్ అని అన్నిసార్లు చెప్పాడు. అందుకే ఇల్లు మారుతున్నానని అబద్ధం ఆడాడు. ఆ రోజు తీసిన వీడియో పెట్టుకుని ఆపుతూ, వెనక్కి తిప్పుతూ చూశాను. జేబులో ఉన్న ఎడమ చెయ్యి దగ్గర ఆపి మా ఆయనకి చూపించాను.

"ఆ జేబులో ఏముంటుందంటావు?" అన్నాను.

"చెయ్యి ఉంటుంది" అన్నాడు మా ఆయన.

లిఫ్టు అమ్మిన పెద్దాయనకి ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడాను గానీ, వీడియో ఉందన్న సంగతి రెండుసార్లు చెప్పాను. ఆయన అంతా విని ఒకటే అడిగాడు. "లాక్ వేశావా?"

"లేదు. నూనె ఎంతసేపు ఆపుతుందో చూడ్డానికి వేయలేదు."

"నేను వచ్చి చూస్తాను. వచ్చే శనివారం. అప్పటిదాకా దాని మీద కారు పెట్టకు" అన్నాడు.

అమ్మిన మనిషి పిలవకుండానే వస్తానంటే అది కూడా నాకు నచ్చలేదు. ఏదో ముక్క మార్చేసి, సాక్ష్యం లేకుండా చేసి పోతాడేమో. శనివారం ఎక్కడికీ వెళ్లొద్దని మా ఆయనకి చెప్పాను.

"ఆయనకి డెబ్బై దాటాయి. ఆయన మీద నన్ను కాపలా పెడతావా?"

"ఊరికే ఇంట్లో ఉండు, చాలు."

శనివారం పదింటికి పెద్దాయన టార్నీట్ స్టేషన్ నుంచి ఫోన్ చేశాడు, వచ్చి తీసుకెళ్లమని. జన్మంతా కార్లు బాగు చేసిన మనిషి రైల్లో వచ్చాడు. జీలాంగ్‌లో రైలు మారి మరీ వచ్చాడు. లైసెన్సు పోయిందేమో, తాగి నడిపి పట్టుబడ్డాడేమో అనుకున్నాను. మా ఆయన వెళ్లి తీసుకొచ్చాడు. ఒక చిన్న సంచీ తప్ప ఆయన వెంట ఏమీ లేదు. పనిముట్లు కూడా తెచ్చుకోలేదు.

గ్యారేజ్‌లోకి వచ్చి లిఫ్టు చుట్టూ ఒకసారి తిరిగాడు. పూర్తిగా దించి, ప్లగ్ తీసెయ్యమన్నాడు. తర్వాత మోటారు పక్కన ఉన్న వాల్వ్ చూపించి, "ఇది విప్పు" అన్నాడు. నూనెని వెనక్కి వదిలి లిఫ్టుని దించే వాల్వ్ అది.

"మీరే విప్పండి" అన్నాను.

"నీ మెషీన్. నువ్వు విప్పు."

పాడైతే నేనే పాడుచేశానని చెప్పడానికి ఇదొక ఎత్తు అనుకున్నాను. అయినా స్పానర్ తీసుకున్నాను. ఆ మూల చీకటిగా ఉంది. "టార్చి పట్టుకుంటాను" అని ఆయన కుడి చేత్తో నా టార్చి తీసుకోబోయాడు. నేను అడ్డంగా ఉండడంతో ఎడమ చేత్తో అందుకున్నాడు. వాల్వ్ మీద పడాల్సిన వెలుగు గోడ మీదకీ నేల మీదకీ కొట్టుకుంటూ తిరిగింది. ఒక్కచోట నిలబడలేదు. తలెత్తి చూశాను. ఆయన చెయ్యి మణికట్టు దగ్గర్నుంచి వణుకుతోంది. ఆయన రెండో చేత్తో ఆ చేతిని పట్టుకుని వెలుగుని వాల్వ్ మీదకి తెచ్చాడు.

వాల్వ్ బయటికి వచ్చింది. దాని మొన దగ్గర, పూర్తిగా మూసుకోవాల్సిన చోట, వెంట్రుకంత తెల్లటి పీలిక ఒకటి ఇరుక్కుని ఉంది.

"ఏమిటిది?" అన్నాడు.

చూడగానే నాకు తెలిసిపోయింది. "కుళాయిలకి చుట్టే టేపు" అన్నాను. "గొట్టం బిగించేటప్పుడు నేనే చుట్టాను."

"నూనె గొట్టాలకి టేపు చుట్టకూడదు. పీలికలు ఊడి లోపలికి పోతాయి. వాల్వ్ మూసుకోదు. ఇంచు ఇంచుగా దిగిపోతుంది." ఆయన గొంతులో కోపం లేదు. పాఠం చెబుతున్నట్టే చెప్పాడు.

ల్యాబ్‌లో ఒకసారి నేను చేసిన పరీక్షే తప్పని తేలినప్పుడు చెవులు వేడెక్కాయి. ఇప్పుడూ అంతే. గొట్టం విప్పి, మరలకి అంటుకున్న టేపంతా సూదితో గీకి తీశాను. ట్యాంకులో నూనె పారబోసి కొత్తది పోశాను. ప్రతి అడుగూ ఆయనే చెప్పాడు, ప్రతి నట్టూ నేనే తిప్పాను. కారు పెట్టి, లేపి, గోడ మీద కొత్త గీత గీశాను. ఈసారి లాక్ లేకుండా పెట్టమన్నది ఆయనే. గంట ఆగి చూద్దామని, తలుపుకి తాళం వేయించి, తాళం చెవి తన జేబులో వేసుకున్నాడు.

ఆ గంటలో భోజనం చేశాం. మా ఆయన పప్పు, బంగాళాదుంప వేపుడు చేశాడు. పెద్దాయన చెంచా కుడి చేత్తో పట్టుకుని, ఎడమ చెయ్యి బల్ల కింద పెట్టుకున్నాడు. కాసేపటికి తనే పైకి తీసి బల్ల మీద పెట్టాడు.

"రెండేళ్ల నుంచి ఇలా ఉంది" అన్నాడు. "పోయిన ఏడాది డాక్టరు కారు నడపడం కూడా వద్దన్నాడు. కారు కిందకి వెళ్లినప్పుడు నా చెయ్యి మీద నాకు నమ్మకం లేకపోయింది. అందుకే అమ్మేశాను."

"ఇల్లు మారుతున్నామన్నారు?"

"అబద్ధం. చెయ్యి వణికే మెకానిక్ దగ్గర మెషీన్ ఎవరు కొంటారు? పైగా నువ్వు వీడియో తీస్తున్నావు. ఎవరికి చూపిస్తావో, ఇంటర్నెట్‌లో ఏం పెడతావో అని చెయ్యి జేబులో పెట్టుకున్నాను."

అంటే ఆ షెడ్డులో ఒకరినొకరు అనుమానించుకుంటూ గంటసేపు నిలబడ్డాం. నేను కంచం వైపు చూస్తూ, "మీరు మోసం చేశారనుకున్నాను" అన్నాను.

"తెలుసు. ఫోన్‌లో నీ గొంతులోనే తెలిసింది."

"మరి ఎందుకొచ్చారు?"

ఆయన కొంచెం ఆశ్చర్యంగా చూశాడు. "లాక్ వేయకుండా కారు లేపానన్నావు. వద్దని అన్నిసార్లు చెప్పినా లేపావు. కిందకి కూడా వెళ్తావేమోనని భయమేసింది. ఆ మెషీన్ నా దగ్గర్నుంచే వచ్చింది కదా."

కింద ఎవరూ లేకుండా, తలుపు తాళం వేసి మరీ లేపానని చెప్పాను. ఆయన తలూపాడు గానీ నమ్మినట్టు కనబడలేదు. నమ్మకపోవడానికి ఆయనకి కారణం ఉంది.

గంటయ్యాక గ్యారేజ్ తెరిచి చూశాం. కారు అంచు గీత దగ్గరే ఉంది. మా ఆయన చప్పట్లు కొట్టాడు. ఇంకో గంట చూద్దామని నేనన్నాను. ఇంకో గంట చూద్దామని పెద్దాయన కూడా అప్పుడే అన్నాడు. టీ తాగి మళ్లీ చూశాం. గీత దగ్గరే ఉంది. సాయంత్రం రైలుకి ఆయన్ని స్టేషన్‌లో నేనే దింపాను. రైలెక్కే ముందు క్షమించమని అడిగాను. "టేపు సంగతి గుర్తు పెట్టుకో" అన్నాడు, అంతే.

అప్పట్నుంచి ఏ పని మొదలుపెట్టినా కారు లేపి, లాక్ పడిన చోట ఫొటో తీసి ఆయనకి పంపుతాను. అలా అడిగింది ఆయనే. ఒక్కోసారి ఫొటో సరిగా లేదని, ఇంకో వైపు నుంచి తియ్యమంటాడు. జవాబు వచ్చేదాకా స్టూలు మీద కూర్చుని ఉంటాను. ఆ ఎదురుచూపు మొదట్లో విసుగ్గా ఉండేది. ఇప్పుడు లేదు.

నేను అంతగా మారిపోయాననీ చెప్పలేను. మొన్నీమధ్య కొత్త టైర్లు వేయించుకున్నప్పుడు వాటి మీద అచ్చేసి ఉండే తయారీ వారం, ఏడాది చదివి చూసుకున్నాను. కాకపోతే ఈమధ్య ఏదైనా తేడా వస్తే, ఎవరు చేశారన్న ప్రశ్న కంటే ముందు, ఇందులో నేను చేయి పెట్టింది ఎక్కడ అని చూసుకుంటున్నాను. ఒక్కోసారి అక్కడే దొరుకుతోంది.

ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు నా చేతులతో మార్చింది పెద్దాయన వచ్చి వెళ్లిన తర్వాతి నెలలో, ఒక ఆదివారం. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాటింది. రెండు వైపులా విప్పి, బిగించి, నట్లు సరిపడా బిగిశాయో లేదో కొలిచే టార్క్ రెంచితో రెండుసార్లు చూశాను. తర్వాత, చుట్టూ ఇంకా ఇళ్లు కట్టని కొత్త వీధిలో కారు నడిపి చూద్దామని, మా ఆయన్ని పక్క సీట్లో కూర్చోమన్నాను. ఎవరేం చెప్పినా నమ్మే మనిషి. కారెక్కి, సీటు బెల్టు పెట్టుకున్నాడు. నేను తాళం తిప్పేలోపు ఆ బెల్టుని గట్టిగా రెండుసార్లు లాగి చూసుకున్నాడు.

కారుని మెల్లగా నడిపి, ఆ కొత్త వీధి మధ్యలో బ్రేక్ తొక్కాను. కారు ఆగింది.

"ఇంకోసారి తొక్కు" అన్నాడు.